ఇంటి తోటలో తీపి సంకర టెంకపండ్లు

ప్లమ్, ఆప్రికాట్, పీచ్, చెర్రీ వంటి టెంకపండ్ల జాతులను ఒకదానితో ఒకటి కలిపి, వచ్చిన సంతానంలో తీపీ వాసనా మెండుగా ఉన్నవాటిని తరం తర్వాత తరం ఏరుకుంటూ వచ్చి తయారుచేసిన చెట్లు సంకర టెంకపండ్ల చెట్లు. ప్లమ్‌కాట్, ప్లూవాట్, ఏప్రియమ్, నెక్టాప్లమ్, ప్లూయెరీ, పీకోటమ్ అనేవి వీటిలో పేరుపడ్డవి. ఇవి ఒక రూపానికి వచ్చింది అమెరికాలోని కాలిఫోర్నియాలో. వీటిని పెరట్లో పెంచే అలవాటు బాగా పాతుకుపోయిందీ అక్కడే. అంగడికి వచ్చే పండును దూరప్రయాణానికి తట్టుకునేలా గట్టిగా ఉన్నప్పుడే కోస్తారు. కోసిన తర్వాత పండు మెత్తబడుతుంది, పులుపు కొంత తగ్గుతుంది, కానీ అందులోకి కొత్తగా చక్కెర చేరదు. అందుకే ఈ రకాల అసలు రుచి తెలియాలంటే చెట్టు మీద పూర్తిగా పండనిచ్చి కోసుకోవాలి. అది ఇంటి తోటలోనే కుదిరే పని.

మామిడి కూడా వృక్షశాస్త్రం ప్రకారం టెంకపండే. రేగు కూడా అంతే. అయితే ఇక్కడ చెప్పుకునేవన్నీ గులాబీ కుటుంబంలోని ప్రూనస్ అనే ఒకే ప్రజాతికి చెందినవి. బాదం కూడా దీనిలోదే, కాకపోతే బాదంలో మనం తినేది టెంకలోపలి పప్పును.

సంకరం ఎలా సాధ్యమైంది

ప్లమ్ అంటే ఒక్కటే చెట్టు అనుకుంటాం గానీ ముఖ్యంగా రెండు జాతులున్నాయి. యూరోపియన్ ప్లమ్‌కు 48 క్రోమోజోములుంటాయి. ఎండబెట్టి ప్రూన్‌గా అమ్మేది దీన్నే. జపనీస్ ప్లమ్ అని పిలిచే జాతి నిజానికి చైనాలో పుట్టి జపాన్ మీదుగా పడమటికి చేరింది. దానికి 16 క్రోమోజోములే. ఆప్రికాట్‌కూ 16, పీచ్‌కూ 16, తీపి చెర్రీకీ 16. సంఖ్య సరిపోవడం వల్ల జపనీస్ ప్లమ్ ఈ మిగతా జాతులతో కలవడానికి వీలుంది. వీలుంది అంటే సులువని అర్థం కాదు. ఒక జాతి పుప్పొడి ఇంకో జాతి కీలాగ్రం మీద మొలకెత్తకపోవచ్చు, మొలకెత్తినా పిండం మధ్యలోనే చనిపోవచ్చు, పిండం బతికి చెట్టయినా అది గొడ్డుగా మిగలవచ్చు. ఈ మూడు గండాలూ దాటిన చెట్టు వేలల్లో ఏ ఒకటో రెండో.

ప్రకృతిలోనూ ఇలాంటి కలయిక జరిగింది. చెర్రీ ప్లమ్ అనే ఇంకో ప్లమ్ జాతికీ ఆప్రికాట్‌కూ సహజంగా పుట్టిన నల్ల ఆప్రికాట్ మధ్య ఆసియాలో చాలాకాలంగా సాగులో ఉంది. నెక్టరీన్‌ను మాత్రం చాలామంది పొరపాటున పీచ్‌కూ ప్లమ్‌కూ పుట్టిన సంకరంగా భావిస్తారు. అది నూగు లేని పీచ్ మాత్రమే. ఒక్క జన్యువులో వచ్చిన మార్పు ఆ నునుపుకు కారణం.

బర్బాంక్ నుంచి జైగర్ దాకా

ఈ చెట్ల చరిత్ర లూథర్ బర్బాంక్‌తో మొదలవుతుంది. 1849లో మసాచుసెట్స్‌లో పుట్టిన బర్బాంక్ 1875లో కాలిఫోర్నియాలోని శాంటా రోసా పట్టణానికి వలస వెళ్ళాడు. 1885లో జపాన్ నుంచి ప్లమ్ మొక్కలు తెప్పించుకుని, వాటితో దాదాపు నలభై ఏళ్ళు పనిచేశాడు. 1906లో ఆయన విడుదల చేసిన శాంటా రోసా ప్లమ్ ఇవాళ్టికీ పెరటి తోటల్లో నిలిచి ఉంది. మన దేశంలో హిమాచల్ ప్రదేశ్ తోటల్లోనూ అదే ముఖ్యమైన ప్లమ్ రకం. ప్లమ్‌నూ ఆప్రికాట్‌నూ కలిపి ప్లమ్‌కాట్ అని పేరుపెట్టి లోకానికి చూపించింది కూడా ఆయనే. ఆ చెట్లు సరిగా కాయలేదు, కాసిన పండ్లు రవాణాకు నిలవలేదు. అంగడిలో అవి ఓడిపోయినా, ఆ రెండు జాతులూ కలుస్తాయన్న సంగతి మాత్రం రుజువైంది.

తెలుగు పాఠకులకు బర్బాంక్ పేరు తోటల ద్వారా కాకుండా వేరే దారిలో పరిచయం. పరమహంస యోగానంద శాంటా రోసాలో ఆయనను కలిసి స్నేహితుడయ్యాడు. 1946లో వెలువడిన ‘ఒక యోగి ఆత్మకథ’ను ఆయన స్మృతికే అంకితమిచ్చాడు. ఆయన గురించి అందులో ఒక అధ్యాయమే ఉంది.

బర్బాంక్ 1926లో మరణించాడు. కొత్త మొక్కను సృష్టించినవాడికి పేటెంట్ హక్కు ఇచ్చే అమెరికా చట్టం 1930లో గాని రాలేదు. తన రకాలను ఎవరైనా అంట్లు కట్టుకుని అమ్ముకుంటుంటే చూస్తూ ఊరుకోవడం తప్ప బర్బాంక్‌కు మార్గం లేకపోయింది. చట్టం వచ్చాక ఆయన మరణానంతరం 16 మొక్కలకు పేటెంట్లు దక్కాయి. తర్వాతి తరంవారు ఇరవై ముప్పై ఏళ్ళ పరిశోధనకు ధైర్యంగా పూనుకోగలిగారంటే ఈ చట్టమే కారణం.

ఆ తర్వాతి తరంలో అందరికన్నా పెద్దపేరు ఫ్లాయిడ్ జైగర్‌ది. 1926లో, అంటే బర్బాంక్ పోయిన ఏడాదే, నెబ్రాస్కాలో పుట్టాడు. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మొక్కల తెగుళ్ళ శాస్త్రం చదివాడు. నెక్టరీన్ పితామహుడని పేరున్న ఫ్రెడ్ ఆండర్సన్ దగ్గర పని నేర్చుకుని, మొడెస్టో పట్టణం దగ్గర భార్య బెట్టీతోనూ ముగ్గురు పిల్లలతోనూ కలిసి సొంత పరిశోధనా క్షేత్రం నడిపాడు. జన్యువును కోసి అతికించే పద్ధతుల జోలికి ఆ కుటుంబం పోలేదు. వారు చేసిందంతా చేత్తో చేసిన పరాగ సంపర్కమే. మొగ్గ ఇంకా విప్పారకముందే రేకులనూ కేసరాలనూ తీసేసి, ముందుగా సేకరించి ఆరబెట్టిన పుప్పొడిని కీలాగ్రానికి అద్దేవారు. పూత కాలాలు కలవని జాతుల్ని కలపడానికి తల్లిచెట్లను పెద్ద పెద్ద తొట్లలో పెంచి, చల్లని గదుల్లో ఉంచి పూతను ఆలస్యం చేసేవారు. వచ్చిన టెంకల్ని కొన్ని వారాలు చలిలో ఉంచి మొలిపించి, ఆ మొక్క కాపుకొచ్చేదాకా మూడు నాలుగేళ్ళు ఆగి, పండు కొరికి చూసి, నూటికి తొంభైతొమ్మిది చెట్లను పీకేసేవారు. జైగర్ 2020లో 94 ఏళ్ళ వయసులో మరణించాడు. ఆ కుటుంబానికి దక్కిన మొక్కల పేటెంట్లు వందల్లో ఉన్నాయి.

1980ల చివర్లో ఆయన విడుదల చేసిన ప్లూవాట్ ఈ చరిత్రలో మలుపు. ప్లమ్‌కాట్‌ను మళ్ళీ ప్లమ్‌తో కలుపుతూ వెళ్ళి, ప్లమ్ పాలు ఎక్కువగానూ ఆప్రికాట్ పాలు తక్కువగానూ ఉండేలా తీర్చిన వంశం ఇది. చర్మం ప్లమ్‌లా నున్నగా ఉంటుంది. ప్లమ్ చర్మంలోనూ టెంక చుట్టూనూ ఉండే ఒగరుపులుపు దీనిలో బాగా తగ్గిపోయింది. ఏప్రియమ్ దీనికి తిరగబడిన లెక్క: ఆప్రికాట్ పాలు ఎక్కువ, చర్మం మీద సన్నని నూగు, చూపుకు అచ్చం ఆప్రికాట్. నెక్టరీన్‌నూ ప్లమ్‌నూ కలిపితే నెక్టాప్లమ్, ప్లమ్‌నూ చెర్రీనీ కలిపితే ప్లూయెరీ, పీచ్, ఆప్రికాట్, ప్లమ్ మూడింటినీ కలిపితే పీకోటమ్. ముక్కాలు, పాతిక అని చెప్పే వాటాల లెక్కలను అక్షరాలా పట్టుకోకూడదు. అనేక తరాల కలయికలో ఏ తల్లి జన్యువులు ఎంత మిగిలాయో ఒక్కో రకానికి ఒక్కోలా ఉంటుంది.

ప్లూవాట్, ఏప్రియమ్ అనేవి జైగర్ సంస్థ రిజిస్టరు చేసుకున్న వాణిజ్య నామాలు. అందువల్లనే ఇతర పరిశోధకుల రకాలు అంగళ్ళలో ప్లమ్‌కాట్ పేరుతోనే కనిపిస్తాయి. పేటెంటు గడువు 20 ఏళ్ళు కనుక తొలి రకాలకు అది ముగిసింది. కొత్త రకాలను మాత్రం అనుమతి లేకుండా అంటు కట్టి పంచడం చట్టవిరుద్ధం.

చలి లెక్క

ఈ చెట్టు మన ఇంట్లో కాస్తుందా లేదా అన్నది అన్నిటికన్నా ముందుగా తేల్చేది చలికాలం. టెంకపండ్ల చెట్లు శీతకాలంలో ఆకు రాల్చి నిద్రలోకి పోతాయి. ఆ నిద్ర సరిగా తెమలాలంటే కొన్ని వందల గంటలపాటు 7 డిగ్రీల సెల్సియస్ అటుఇటుగానో అంతకన్నా తక్కువగానో చలి తగలాలి. వీటినే చలి గంటలు అంటారు. చాలినంత చలి లేకపోతే మొగ్గలు రాలిపోతాయి, పూత నెలలపాటు విడతలు విడతలుగా వస్తుంది, ఆకు కొమ్మల చివర్లలోనే పుట్టి మధ్యభాగం బోసిపోతుంది. మధ్యమధ్య ఎండ కాసి బాగా వేడెక్కితే అప్పటిదాకా పోగైన చలి ఫలితం కొంత చెరిగిపోతుంది కూడా.

రకాన్ని బట్టి ఈ అవసరం మారుతుంది. ఫ్లేవర్ డిలైట్ ఏప్రియమ్‌కూ స్పైస్ జీ నెక్టాప్లమ్‌కూ 200 నుంచి 300 గంటలు చాలు. ఫ్లేవర్ కింగ్ ప్లూవాట్‌కు 400 వరకు, డాపుల్ డాండీకి 400 నుంచి 500, ఫ్లేవర్ సుప్రీమ్‌కు 500 నుంచి 600 కావాలి. నర్సరీ చీటీ మీద ముందు చూడవలసింది ఈ అంకెనే, రంగు బొమ్మను కాదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మైదానాల్లో ఈ లెక్క ఎక్కడా కుదరదు. హైదరాబాదులో డిసెంబరు తెల్లవారుజామున వణికించే చలి ఉన్నా, మధ్యాహ్నానికి ఎండ దాన్ని తుడిచేస్తుంది. కొండల మీది లంబసింగిలో ఉష్ణోగ్రత సున్నా దగ్గరకు దిగే రాత్రులున్నా అవి కొద్దిరోజులే, పగళ్ళు వెచ్చనివే. ఇంటర్నెట్‌లో రంగుల బొమ్మలు చూపించి కుండీలోనే కాస్తుందని చెప్పి అమ్మే మొక్కలను ఇక్కడ కొనడం డబ్బు పారబోసుకోవడమే. చెట్టు బతకవచ్చు, ఆకు వేయవచ్చు, పండు మాత్రం ఇవ్వదు. దక్షిణాదిలో ప్లమ్, పీచ్ పండే చోట్లు నీలగిరులు, కొడైకెనాల్ లాంటి ఎత్తైన కొండలే. ఉత్తరాన హిమాచల్, ఉత్తరాఖండ్, కాశ్మీర్‌లలో వాతావరణం వీటికి అనుకూలం. హైదరాబాదు పెళ్ళిళ్ళలో వడ్డించే ఖుబానీ కా మీఠాకు వాడే ఎండు ఆప్రికాట్ కూడా ఇక్కడ పండింది కాదు, చలిదేశపు సరుకే.

తెలుగువారికి ఈ చెట్లతో ప్రత్యక్ష సంబంధం ఏర్పడింది కాలిఫోర్నియాలో. శాన్ హోసే, సన్నీవేల్, కూపర్టినో ఊళ్ళున్న శాంటా క్లారా లోయను నేడు ప్రపంచమంతా సిలికాన్ వ్యాలీ అంటుంది. కంప్యూటర్లు రాకముందు అది ప్రూన్, ఆప్రికాట్ తోటలతో కిక్కిరిసిన లోయ. 1856లో పెలియే సోదరులు ఫ్రెంచ్ ప్రూన్ కొమ్మల్ని శాన్ హోసేకి తెచ్చి అంటుకట్టడంతో ఆ వైభవం మొదలైంది. సన్నీవేల్‌లో నగర పాలకులు ఒక ఆప్రికాట్ తోటను గుర్తుగా ఇప్పటికీ కాపాడుతున్నారు. అక్కడ ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబం కరివేపాకును తొట్టెలో పెట్టి చలికాలం లోపలికి మోసుకోవలసిందే గాని, ప్లూవాట్‌ను మాత్రం నేలలో నాటి నిశ్చింతగా ఉండవచ్చు. ఆ మట్టి, ఆ పొడి వేసవి ఈ చెట్ల కోసమే అమరినట్టుంటాయి. అయితే చలికాలాలు వెచ్చబడుతున్నాయి, కాలిఫోర్నియా మధ్యలోని సెంట్రల్ వ్యాలీలో చెట్లను చల్లగా ఉంచే శీతకాలపు పొగమంచు తగ్గుతోంది. కొత్తగా నాటేవారు తక్కువ చలితో సరిపెట్టుకునే రకాలను ఎంచుకోవడమే వివేకం.

న్యూజెర్సీ, టెక్సాస్‌లలో ఉన్నవారికి చెప్పవలసింది వేరు. తూర్పు తీరంలో వేసవి వానలూ తేమా ఈ చెట్లకు తెగుళ్ళను కుమ్మరిస్తాయి. ప్లమ్ కర్కులియో అనే ముక్కుపురుగు పిందెలను తొలిచేస్తుంది. టెక్సాస్‌లో ఫిబ్రవరి వెచ్చదనానికి మోసపోయి పూసిన పూత మార్చి మంచుకు మాడిపోతుంది. పూర్తిగా విచ్చిన పువ్వు సుమారు మైనస్ 2 డిగ్రీల దగ్గర దెబ్బతినడం మొదలై, మైనస్ 4 దగ్గర దాదాపు అంతా పోతుంది. అన్నిటికన్నా ముందు పూసే ఏప్రియమ్‌కు ఈ ప్రమాదం ఎక్కువ. ఆస్ట్రేలియాలో కాలాలు తిరగబడి ఉంటాయి కనుక మెల్‌బోర్న్‌లో పండు డిసెంబరు నుంచి మార్చి దాకా వస్తుంది. జపనీస్ ప్లమ్, తీపి చెర్రీల సంకరమైన నాదియా అనే రకం ఆ దేశంలోనే పుట్టింది.

తోడు చెట్టు

ఒక్క ప్లూవాట్ చెట్టును నాటి ఏళ్ళ తరబడి పూత చూస్తూ కాయ కోసం ఎదురుచూసేవారు చాలామంది. ఎక్కువ ప్లూవాట్ రకాలు తమ పుప్పొడితో తాము కాయలేవు. కీలాగ్రం తన జన్యువుల ముద్ర ఉన్న పుప్పొడిని గుర్తుపట్టి, దాని నాళం ఎదగకుండా ఆపేస్తుంది. వేరే రకం ప్లూవాట్ గాని, అదే సమయంలో పూసే జపనీస్ ప్లమ్ గాని దగ్గరలో ఉండాలి. ఇందుకు శాంటా రోసా ప్లమ్‌ను మించిన తోడు లేదు. అది తనంతట తాను కాస్తుంది, చాలా ప్లూవాట్లకు పుప్పొడినిస్తుంది, పండూ కమ్మగా ఉంటుంది. యూరోపియన్ ప్లమ్ ఈ పనికి పనికిరాదు. ఫ్లేవర్ డిలైట్ ఏప్రియమ్, స్పైస్ జీ నెక్టాప్లమ్ ఒంటరిగానే కాస్తాయి, ఆప్రికాట్ తోడుంటే ఏప్రియమ్ మరింత బాగా కాస్తుంది.

రెండు చెట్లకు చోటు లేనప్పుడు ఒకే చెట్టు మీద రెండు మూడు రకాల కొమ్మలు అంటుకట్టుకోవచ్చు. పెరట్లో ఇప్పటికే పాత ప్లమ్ చెట్టు ఉంటే దాన్ని కొట్టేయనక్కర లేదు. చలికాలం చివర్లో దాని కొమ్మలకు ప్లూవాట్ పుల్లలు అంటుకడితే రెండో ఏడో మూడో ఏడో కాపు చూడవచ్చు. కాలిఫోర్నియాలో 1968లో ఏర్పడిన అరుదైన పండ్ల పెంపకందారుల సంఘం శాఖలు ప్రతి జనవరి ప్రాంతంలో అంటుపుల్లల మార్పిడి సభలు జరుపుతాయి. పేటెంటు గడువు తీరిన రకాల పుల్లలు అక్కడ ఉచితంగానో నామమాత్రపు రుసుముకో దొరుకుతాయి. టెంక నాటి మొలిపిస్తే మాత్రం తల్లి రుచి రాదు. ఇన్ని జాతుల కలగలుపు నుంచి వచ్చిన టెంకలో ఏముంటుందో ఎవరూ ముందుగా చెప్పలేరు.

నాటడం, వేరుమూలం

కాలిఫోర్నియాలో డిసెంబరు నుంచి ఫిబ్రవరి చివరిదాకా మట్టి లేకుండా ఉత్త వేర్లతో అమ్మే మొక్కలు వస్తాయి. ఇవి చవక, త్వరగా కుదురుకుంటాయి కూడా. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ తగిలే చోటు చూడాలి. నీడలో చెట్టు పెరుగుతుంది గాని పండుకు తీపి రాదు, ఎందుకంటే ఆ చక్కెరంతా ఆకు ఎండలో వండినదే.

అడుగు లోతు గుంత తీసి నీరు నింపి చూడాలి. మర్నాటికీ ఇంకకుండా నిలిచి ఉంటే ఆ చోట నేరుగా నాటకూడదు, ఒక అడుగు ఎత్తు మట్టి దిబ్బ పోసి దానిపై నాటాలి. ఈ చెట్లు ఎండకన్నా నీటి నిల్వకే ఎక్కువగా చస్తాయి. వేర్లు పట్టినంత గుంత చాలు. అందులో ఎరువు వేయకుండా తీసిన మట్టినే తిరిగి పూడ్చాలి. అంటుకట్టిన బుడిపె నేలకు పైన ఉండాలి. కాండానికి తెల్ల లేటెక్స్ రంగును సగానికి సగం నీళ్ళు కలిపి పూస్తే లేత బెరడు ఎండకు పగలదు, తొలిచే పురుగు చేరదు.

కింది వేరు ఏ చెట్టుదన్నది మట్టిని బట్టి ఎంచుకోవాలి. జైగరే రూపొందించిన సిటేషన్ అనే వేరుమూలం చెట్టును కాస్త పొట్టిగా ఉంచుతుంది, తడిని కొంత ఓర్చుకుంటుంది, పెరటికి ఇదే మేలు. నెమాగార్డ్ ఇసుక నేలల్లో నులిపురుగులను తట్టుకుంటుంది గాని తడికి ఆగదు. బరువు నేలల్లో మైరోబలాన్, మరియానా వంటి ప్లమ్ వేర్లు నయం.

కత్తిరింపు

నాటిన రోజునే మొక్కను మోకాలి ఎత్తుకు కోసేయమంటే కొత్తవారికి చేయి ఆడదు. అయినా చేయవలసిందే. అక్కడి నుంచి కొమ్మలు చీలితేనే చెట్టు తక్కువ ఎత్తులో గుబురుగా రూపుదిద్దుకుంటుంది. కాలిఫోర్నియాలోని హిక్‌మన్‌లో ఉన్న డేవ్ విల్సన్ నర్సరీ ప్రచారంలోకి తెచ్చిన పెరటి తోట పద్ధతి దీనిపైనే ఆధారపడింది. ఒకే పాదులో మూడు నాలుగు రకాలను ఒకటిన్నర అడుగు ఎడంలో నాటి, అన్నిటినీ ఒకే చెట్టులా చూస్తూ, నిచ్చెన అవసరం లేకుండా చేతికి అందే ఎత్తులోనే జీవితాంతం ఉంచుతారు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఏదో ఒక రకం పండుతూ ఉండేలా ఎంచుకోవడం ఇందులోని కిటుకు. నలుగురున్న ఇంటికి ఒకే వారంలో రెండు వందల పండ్లు వచ్చి పడడం కన్నా, వారానికి ఇరవై చొప్పున వేసవంతా రావడం ఎంతో మేలు.

ఎత్తును అదుపు చేసేది వేసవి కత్తిరింపు. ఆకులున్నప్పుడు కోస్తే చెట్టు వేగం తగ్గుతుంది. చలికాలంలో కోస్తే వసంతంలో రెట్టింపు ఊపుతో నిటారుగా లేస్తుంది. ఇంకో ముఖ్యమైన కారణం యూటైపా అనే శిలీంధ్రం. వానల్లో తడిసిన కొత్త గాయాల ద్వారా అది ఆప్రికాట్, ఏప్రియమ్ కొమ్మల్లోకి దిగి ఏకంగా కొమ్మనే చంపుతుంది. అందుకని ఏప్రియమ్‌ను ఆగస్టు లోపల, వానలకు కనీసం ఆరు వారాల ముందే కత్తిరించి ముగించాలి. ప్లూవాట్ కాపు ఎక్కువగా రెండేళ్ళు దాటిన కొమ్మలపై ఉండే పొట్టి కాపురెమ్మల మీద వస్తుంది. అవి కొన్నేళ్ళు వరసగా కాస్తాయి గనుక కత్తెర పట్టినప్పుడు వాటిని వదిలేయాలి.

పిందెలు తీసేయడం

పండు తీపిని నిర్ణయించే పనుల్లో ఇంటి తోటమాలి చేతిలో పూర్తిగా ఉన్నవాటిలో ఇదొకటి, అందరూ తప్పించుకునేదీ ఇదే. చెట్టు తాను మోయగలిగినదానికన్నా ఎన్నో రెట్లు పిందె వేస్తుంది. ఆకులు వండే చక్కెర అంతటికీ పంచుకుపోతే ప్రతి పండూ చిన్నగా, చప్పగా మిగులుతుంది. కొమ్మలు విరుగుతాయి. మరుసటి ఏడాదికి మొగ్గ కట్టే శక్తి కూడా చెట్టుకు ఉండదు. పిందె గోటి పరిమాణం నుంచి ఉసిరికాయంత అయ్యేలోగా, ఒక్కో పండుకు నాలుగు నుంచి ఆరు అంగుళాల ఎడం ఉండేలా మిగతావన్నీ తుంపేయాలి. సగానికి పైగా నేల మీద పడతాయి. ఒక కొమ్మను బాగా పలచన చేసి, పక్క కొమ్మను అలాగే వదిలి, పండాక రెండింటినీ రుచి చూస్తే ఆ తర్వాత ఎవరూ చెప్పనక్కర లేదు.

తీసేసిన కాయలు వృథా కావు. ఇరానీలు పచ్చి ప్లమ్‌ను ఉప్పద్దుకుని ఇష్టంగా తింటారు, వసంతంలో దానికోసం కాచుకుంటారు. మామిడికాయ దొరకని ఊళ్ళో ఈ పుల్లని కాయ కండ పప్పులోకీ పచ్చడిలోకీ చక్కగా సరిపోతుంది. టెంకలోని గింజను మాత్రం తీసి పారేయాలి.

నీరు, బలం, తెగుళ్ళు

రోజూ కొంచెం కొంచెం తడపడం కన్నా వేసవిలో వారానికోసారో రెండుసార్లో లోతుగా ఇంకేలా పెట్టడం మంచిది. కాండానికి తగలకుండా చుట్టూ మూడు నాలుగు అంగుళాల చెక్క పొట్టు పరిస్తే తేమ నిలుస్తుంది. పండు రంగు తిరిగేవేళ నీరు కాస్త తగ్గిస్తే రుచి చిక్కబడుతుంది, విపరీతంగా పెడితే పండు ఉబ్బి చప్పబడుతుంది, పగులుతుంది. నత్రజని ఎరువు మితంగా చాలు. ఎక్కువైతే చెట్టు ఆకే వేస్తుంది, పేనుబంక ఎగబడుతుంది.

తెగుళ్ళలో ఎక్కువ బాధించేది గోధుమ కుళ్ళు. పూత సమయంలో వాన పడితే పువ్వులూ రెమ్మలూ మాడతాయి, పండే సమయంలో వస్తే పండు మీద బూజు గుండ్రంగా పాకుతుంది. చెట్టు మీదే ఎండి వేలాడే పండ్లను చలికాలంలో ఏరి పారేస్తే ఈ తెగులుకు మరుసటి ఏటి విత్తనం చాలావరకు పోతుంది. మందు కొట్టడం కన్నా ముందు ఈ శుభ్రత. ఆకుల మీద చిల్లులు పడే షాట్ హోల్ తెగులుకు ఆకు రాలాక రాగి మందు కొడతారు. పీచ్‌ను పీడించే ఆకుముడత తెగులు ప్లూవాట్‌కు రాదు, నెక్టాప్లమ్‌కు వస్తుంది. కొమ్మల నుంచి బంక కారుతుంటే బాక్టీరియా పుండో తొలిచే పురుగో కారణం కావచ్చు. వీటన్నిటికన్నా పెద్ద శత్రువులు పక్షులూ ఉడతలూ. పండు రంగు తిరగకముందే వల కప్పకపోతే ఏడాది శ్రమ రెండు రోజుల్లో పోతుంది.

కొన్ని రకాలు

ఒక్క ప్లూవాట్‌నే ఎంచుకోవలసి వస్తే ఫ్లేవర్ కింగ్‌ను ఎంచుకోవాలి. ముదురు ఊదా ఎరుపు చర్మం, లోపల రక్తవర్ణపు గుజ్జు, దాల్చినచెక్కను తలపించే సుగంధం. చెట్టు సహజంగానే మరీ పెద్దది కాదు. ఆగస్టులో పండుతుంది. రసంలో చక్కెర శాతాన్ని తెలిపే బ్రిక్స్ కొలత మామూలు ప్లమ్‌లో 12 నుంచి 15 ఉంటే, చెట్టు మీద బాగా పండిన దీనిలో 18 దాటడం మామూలే. జూన్‌లో వచ్చే ఫ్లేవర్ సుప్రీమ్ పైకి మాసిన ఆకుపచ్చ ఎరుపుగా, అంత అందంగా ఉండదు, రుచిలో మాత్రం కింగ్‌తో పోటీపడుతుంది. దాని కాపు మాత్రం కొన్నిచోట్ల పలచన. డాపుల్ డాండీ లేతపసుపు చర్మం మీద ఎర్ర చుక్కలతో ఉంటుంది. డైనోసార్ గుడ్డు పేరుతో పిల్లల్ని ఆకట్టుకుంటూ అంగళ్ళలో అమ్ముడయ్యేది ఇదే. తోటకు ఇది నమ్మకమైన కాపు, ఇతర ప్లూవాట్లకు మంచి తోడు. కోలగా ఉండే ఫ్లేవర్ గ్రెనేడ్ కరకరలాడుతుంది, పండాక కూడా కొన్ని వారాలు చెట్టునే అంటిపెట్టుకుని ఉంటుంది. తీరికగా కోసుకునేవారికి అనువైనది. స్ప్లాష్ చిన్నపండు, నారింజ ఎరుపు, మితిమీరిన తీపి, ఎండబెట్టుకోవడానికి శ్రేష్ఠం. ఏప్రియమ్‌లలో ఫ్లేవర్ డిలైట్ అన్నిటికన్నా ముందు వచ్చే పండు, కాట్ ఎన్ క్యాండీ తెల్లగుజ్జుది. స్పైస్ జీ వసంతంలో ఎర్రని చిగుళ్ళతో, నిండు పూతతో పూలచెట్టులా కనిపిస్తుంది.

కోత

రంగు చూసి కోయడం ఈ చెట్ల విషయంలో మోసం. చాలా రకాలు పండడానికి మూడు వారాల ముందే నిండు రంగుకొస్తాయి. తొడిమ దగ్గర వేలితో నొక్కితే కొద్దిగా లొంగాలి, అరచేతిలో పట్టి కొంచెం తిప్పితే తెగి రావాలి. మొదట ఒకటి కోసి కొరికి చూడాలి, చర్మం పుల్లగా ఉంటే నాలుగు రోజులు ఆగాలి. ఒకే చెట్టు మీద ఎండ తగిలే పైకొమ్మలు ముందు, నీడలోని లోపలి కొమ్మలు వారం పది రోజుల తర్వాత పండుతాయి గనుక రెండు మూడు విడతల్లో కోయాలి. మెత్తబడిన పండును చల్లపెట్టెలో వారం దాకా ఉంచవచ్చు, గట్టిదాన్ని ముందు బయట మెత్తబడనిచ్చాకే లోపల పెట్టాలి. కాపు రెండు మూడేళ్ళకు మొదలై, చెట్టు ఆరోగ్యంగా ఉంటే పదిహేను ఇరవై ఏళ్ళు సాగుతుంది.

ఈ పండ్లన్నిటి టెంకల్లోని పప్పులో అమిగ్డలిన్ అనే పదార్థం ఉంటుంది. నమిలితే అది శరీరంలో సైనైడును విడుదల చేస్తుంది. పొరపాటున టెంకను పగలకుండా మింగేస్తే సాధారణంగా విషప్రమాదం ఉండదు. గింజల్ని పగలగొట్టి తినడం, మిక్సీలో పండ్లతోపాటు టెంకలు తిప్పేయడం మాత్రం చేయకూడదు. చిన్నపిల్లలకు గొంతులో అడ్డుపడే ప్రమాదమూ ఉంది, అందుకే టెంక తీసిన ముక్కలే ఇవ్వాలి.